శత్రువుకి వేసిన పక్క

“ఆ దుప్పటి నేను వెయ్యను. వెయ్యనంటే వెయ్యనత్తయ్యా,” అంది దారినా.

దుప్పటిని సోఫా మీదికి విసిరేసి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడింది.

మార్గిటా దుప్పటి తీసి, దులిపి, తనే పరిచింది. మూలలు లోపలికి దోపింది, అరచేత్తో ముడతలు సరిచేసింది. చూసేవాళ్ళెవరైనా ఆవిడ కన్నకొడుకు చాలా రోజులకి ఇంటికొస్తున్నాడనుకుంటారు.

“మీ చిన్నబ్బాయి ఇమ్రో మెడ విరిచినవాడికి మన ఇంట్లో పక్క. బయట చెప్తే ఎవరైనా నమ్ముతారా?”

“నమ్మకేం. పొద్దున రొట్టెల కొట్లో అందరూ నా ముఖమే చూస్తున్నారు.”

“చూడరూ మరి. మేనేజరు ఫోన్ చేస్తే ‘పంపించండి, మా ఇంట్లోనే ఉంటాడు’ అన్నది మీరు. మీ పెద్దబ్బాయిని అడగలేదు, నన్నడగలేదు.”

“కొత్తగా వచ్చిన ఆటగాడు ఇల్లు దొరికేదాకా కెప్టెన్ ఇంట్లో ఉండటం ఈ క్లబ్బు పుట్టినప్పట్నించీ ఉన్నదే. నీ మొగుడు కెప్టెన్. ఇందులో నేను కొత్తగా పెట్టిందేముంది?”

“కుదరదని కెప్టెన్ చెప్తే ఎవరూ బలవంతం చెయ్యరు. అదీ మొదట్నించీ ఉన్నదే.”

మార్గిటా దిండుకి గలీబు తొడిగి, రెండు చేతులతో గట్టిగా కొట్టింది. దిండు కాదు ఆవిడ కొడుతున్నది.

“కుదరదని ఎందుకంటానే? వాణ్ణి నా గడప దాకా తీసుకురమ్మని తొమ్మిదేళ్ళు దేవుడికి మొక్కాను. ఇవాళ తీసుకొస్తున్నాడు. తలుపెయ్యమంటావా?”

దారినా చేతులు నడుం మీంచి కిందికి దిగాయి.

“ఏం చెయ్యబోతున్నారు మీరు?”

“ఆదివారం కదా. భోజనం పెడతాను,” అంది మార్గిటా.

దారినాకి ఆ భోజనం సంగతి అర్థం కాకపోలేదు. పదమూడేళ్ళ కాపురంలో అత్తగారు కేకలు వేసినప్పుడు ఆమె ఏనాడూ భయపడలేదు. మాట తగ్గించినప్పుడే భయం. ఇద్దరాడపిల్లల్నీ నిన్ననే పుట్టింటికి పంపేసింది.

దారినా మొగుడు రాదొవన్ ఐస్ హాకీలో గొప్ప ఆటగాడేం కాదు. పేపర్లో ఫొటో పడే రకం కాదు, జట్టులో ఎవరి కాలైనా విరిగితే మేనేజర్లకి గుర్తొచ్చే రకం. స్విట్జర్లాండులో రెండో శ్రేణి జట్టు, ఆ తరవాత పోలండు, హంగరీ, రుమేనియా కొండల్లో ఒక ఊరు, కజఖ్‌స్తాన్‌లో రెండు చలికాలాలు. ఎక్కడా ఎక్కువకాలం ఉంచుకోలేదు, ఎక్కడా తిట్టి పంపలేదు. ఆ ఊళ్ళన్నిటికీ దారినా గిన్నెలూ పిల్లల బొమ్మలూ అట్టపెట్టెల్లో తిరిగాయి. ఆఖరికి ఈ శరదృతువులో సొంతూరు స్తూదెనెత్స్ క్లబ్బు పిలిచి, కెప్టెన్‌ని చేసి, సీజను అయ్యాక పిల్లల జట్టుకి కోచ్‌గా పెట్టుకుంటామని మాటిచ్చింది. ఆ రోజే దారినా అట్టపెట్టెలన్నీ చించి చెత్తలో పడేసింది.

“అత్తయ్యా, ఆయన వాడి మీద చెయ్యి చేసుకుంటే కోచ్ పని పోతుంది. సొంత జట్టువాణ్ణి కొట్టినవాడికి పిల్లల్నెవరు అప్పగిస్తారు?”

“నా పిల్లవాణ్ణి నాకెవరు అప్పగించారు?” అంది మార్గిటా.

దారినా వంటింట్లోకి వెళ్ళి బంగాళాదుంపల మీద కసి తీర్చుకోవడం మొదలుపెట్టింది.

నడవలో రాదొవన్ బూట్లు వేసుకుంటున్నాడు. రైలు వచ్చే వేళైంది. స్టేషన్‌కి వెళ్ళి ఆ కొత్త ఆటగాడు ఎర్విన్‌ని తీసుకురావాల్సింది తనే. మార్గిటా వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడింది.

“ఆస్పత్రిలో నాకేం మాటిచ్చావో గుర్తుందా?”

“గుర్తుందమ్మా.”

“చెప్పు.”

“ఇప్పుడెందుకు?”

“నా చెవులతో వినాలని ఉంది.”

రాదొవన్ బూటు తాడు ముడి విప్పి మళ్ళీ వేశాడు. “వాడు నా చేతికి చిక్కితే తన కాళ్ళ మీద తను నడిచి వెళ్ళడని చెప్పాను.”

“ఇన్నాళ్ళూ నువ్వొక దేశం, వాడొక దేశం. ఎదురుపడలేదు, సరే. రేపు పొద్దున ప్రాక్టీసులో ఇద్దరూ ఒకే మంచు మీద ఉంటారు. ప్రాక్టీసులో దెబ్బలు తగలవా? గోడ దగ్గర ఒకడు జారిపడితే పోలీసులొస్తారా?”

“చూద్దాంలే.”

“చూడటమేమిట్రా?”

“అమ్మా, రైలొచ్చేస్తుంది. తప్పుకో.”

అతను తల్లి కళ్ళలోకి చూడకుండానే బయటపడ్డాడు. పెళ్ళాం నూరిపోసిందనుకుంది మార్గిటా. పిల్లలూ కాపురమూ వచ్చాక మగాడి పౌరుషం చప్పబడిపోతుందని మనసులో పెద్దకొడుకుని నాలుగు తిట్టుకుంది. కొట్టడానికి భయపడుతున్నాడనే అనుకుంది తప్ప, వేరే భయం ఉంటుందన్న ఆలోచన ఆవిడకి రాలేదు.

కాసేపటికి ఇమ్రో వచ్చాడు. హాకీ ఆడే రింకులో మంచుని నున్నగా చేసే బండి నడుపుతాడు అతను. ఆదివారం పొద్దున పిల్లల ఆట అయ్యాక మంచు మళ్ళీ సరిచేసి వస్తాడు. లోపలికొచ్చి, చెప్పులు మార్చుకుని, కుడిచేత్తో కోటు విప్పుకున్నాడు. మెడ విరిగినప్పట్నించీ ఎడమచెయ్యి ఉంది గానీ లేనట్టే. వేళ్ళకి వేడి తెలీదు, చల్లన తెలీదు. హాకీ కర్ర పట్టుకుంటే జారిపోతుంది. ఇరవై రెండేళ్ళకి ఈ ఊళ్ళో అందరూ రాజధాని క్లబ్బుకి వెళ్ళిపోతాడనుకున్న కుర్రాడు ఇతనే. ఆటలో ఎర్విన్ వెనకనుంచి వచ్చి రింకు గోడకేసి కొట్టిన రాత్రి నించీ ఎక్కడికీ వెళ్ళలేదు.

“ఇవాళ నీ గదిలో తింటావా?” అంది మార్గిటా మెల్లిగా.

“ఎందుకు? అందరితో కలిసే తింటాను.”

“వాడొస్తున్నాడు కదరా.”

“తెలుసమ్మా,” అని ఇమ్రో కంచాలు సర్దడం మొదలుపెట్టాడు. కుడిచేత్తో ఒక్కొక్కటే తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాడు. ఐదు కంచాలూ పెట్టాడు.

చిన్నకొడుకు తీరే అంత. ఆస్పత్రిలో ఏడవలేదు, ఇంట్లో ఎవర్నీ తిట్టలేదు. ఎర్విన్ పేరెత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. వీడికి పగ లేదు, వీడి తరఫున నేనే మోస్తున్నాను అని మార్గిటా పక్కింటివాళ్ళతో చాలాసార్లు చెప్పుకుంది. చెప్పుకుని కన్నీళ్ళు పెట్టుకుంది కూడా.

ఎర్విన్ లోపలికొస్తూనే గుమ్మంలో ఆగిపోయాడు. పెద్ద మనిషి, ముక్కు ఒక పక్కకి ఒరిగిపోయింది, ముందుపళ్ళు రెండు లేవు. భుజాన సంచీ, చేతిలో కర్రల కట్ట. బూట్లు విప్పితే మేజోడు బొటనవేలి దగ్గర చిరిగి ఉంది. క్రిస్మస్ పండగ ముందు రుమేనియాలో క్లబ్బు తీసేసిన దగ్గర్నించీ ఇతనికి ఆట లేదట. రాదొవన్‌దీ ఇతనిదీ ఒకటే బతుకు, కాకపోతే ఇతనికి అట్టపెట్టెలు కట్టే పెళ్ళాం కూడా లేదు.

“హోటల్లో ఉంటానన్నానమ్మగారూ. మేనేజరు ఒప్పుకోలేదు,” అన్నాడు.

“ఎందుకొప్పుకుంటారు? ఇదిగో, ఈ చెప్పులు వేసుకో. నేల చల్లగా ఉంటుంది,” అంది మార్గిటా.

ఎర్విన్ చెప్పులు వేసుకున్నాడు. అతని చూపు ఆవిడ భుజం మీంచి వెళ్ళి బల్ల దగ్గరున్న ఇమ్రో మీద ఆగింది. ఇమ్రో తలాడించాడు. అంతే.

కోడి చారు ఆవిర్లు కక్కుతోంది. మార్గిటా అందరికంటే ముందు ఎర్విన్‌కే పోసింది, సేమియా కూడా ఎక్కువే వేసింది. రాదొవన్ తల వంచుకుని వేడివేడిగానే తాగేస్తున్నాడు. దారినా చెంచా ముంచి ఊరికే తిప్పుతోంది.

ఎర్విన్ చెంచా కింద పెట్టాడు.

“ఇది చెప్పకుండా నాకు తిండి దిగదు,” అన్నాడు ఇమ్రో వైపు తిరిగి. “నిన్ను వెనకనించి కొట్టాను. నీ ముఖం చూస్తూ కొట్టలేకపోయాను, అందుకే వెనకనించి. పది ఆటలు బయట కూర్చోబెట్టారు. నన్నడిగితే ఇంకెప్పుడూ ఆడనివ్వకూడదు.”

“మరి ఆడుతున్నావుగా,” అంది మార్గిటా.

“ఇంకో పని రాదమ్మగారూ.”

“నా ఇమ్రో నిన్నేం చేశాడు?”

“ఏం చెయ్యలేదు.”

“తిట్టాడా? కొట్టాడా? నీ పెళ్ళాన్నేమైనా అన్నాడా?”

“లేదండీ.”

“ఊరికే పోయేవాడి మెడ విరిచావా? కుక్క కూడా ఊరికే కరవదు కదయ్యా.”

ఎర్విన్ రాదొవన్ వైపు చూశాడు. మార్గిటా ఆ చూపుని పట్టుకుంది. తొమ్మిదేళ్ళుగా ఎదురుచూస్తున్న మనిషికి చూపులు జారిపోవు.

“కెప్టెన్, ఇంట్లో చెప్పలేదా?” అన్నాడు ఎర్విన్ ఆశ్చర్యంగా.

“చారు చల్లారిపోతోంది. తిను,” అన్నాడు రాదొవన్.

“ఏం చెప్పాలి?” అంది మార్గిటా.

“ఏం లేదమ్మా. పాత సంగతులు.”

“నేను నిన్నడగలేదు. ఇతన్నడిగాను.”

ఎర్విన్ కుర్చీ కొంచెం వెనక్కి జరిపాడు. “అది నేను చెప్పాల్సింది కాదమ్మగారూ.”

“నా ఇంట్లో కూర్చుని నా చేతి చారు తాగుతున్నావు. నా బిడ్డని పాడుచేశావు. నువ్వు చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?”

అతను ముఖం రుద్దుకున్నాడు.

“ముప్ఫై ఏళ్ళుగా ఆట చూస్తున్నారు, మీకు తెలియనిది కాదు. అంతకు ముందు ఆటలో మీ పెద్దబ్బాయి మా కుర్రాణ్ణొకణ్ణి కొట్టాడు. వాడి దగ్గర పక్కు బిళ్ళ కూడా లేదు, ముట్టుకోకూడదు. దవడ విరిగింది. నెలన్నర గొట్టంతో పాలు తాగాడు వాడు.”

“ఆటలో తగులుతాయి,” అన్నాడు రాదొవన్.

“తగుల్తాయి. దానికో పద్ధతుంది. మళ్ళీ ఎదురుపడినప్పుడు కొట్టినవాడు గ్లౌజులు కింద పడేసి, మా వాడొకడికి ఎదురు నిలబడాలి. నాలుగు గుద్దులు తినాలి, నాలుగు వెయ్యాలి. అంతటితో సరి. ఆట అయ్యాక ఇద్దరూ కలిసి బీరు తాగొచ్చు. నేను అడగడానికి వెళ్ళాను. కర్రతో కాలి మీద తట్టాను. రాలేదు. రెండోసారి అడిగాను. నవ్వి తప్పుకున్నాడు.”

మార్గిటాకి ఆ పద్ధతి తెలుసు. చచ్చిపోయిన భర్త ఈ ఊరికే ఆడాడు. పగిలిన కనుబొమతో ఇంటికొచ్చి, సరిపోయిందిలే అని నవ్వుతూ పడుకునేవాడు.

“ఎందుకు రాలేదు?” అని అడిగింది పెద్దకొడుకుని.

రాదొవన్ చెంచా వదిలేశాడు. “ఆ వారంలోనే స్విస్ వాళ్ళతో సంతకం ఉందమ్మా. చెయ్యి విరిగితే ఏజెంటు వదిలేస్తానన్నాడు. అప్పుడు దారినా కడుపుతో ఉంది.”

“నన్ను మధ్యలోకి లాగకు,” అంది దారినా. “నాకీ సంగతి ఏనాడైనా చెప్పావా నువ్వు?”

ఎర్విన్ ఆగుదామనుకున్నాడు గానీ మార్గిటా చూపు ఆగనివ్వలేదు.

“మూడోసారి వెళ్ళాను. మా జట్టంతా నన్నే చూస్తోంది. నువ్వు రాకపోతే నీ తమ్ముడి దగ్గర తీసుకుంటాను అన్నాను. బెదిరిస్తే వస్తాడనుకున్నానండీ. తమ్ముడి మాటెత్తితే ఎవడైనా వస్తాడు.”

“వీడేమన్నాడు?”

ఎర్విన్ తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

“‘వాడి సంగతి వాడు చూసుకుంటాడు’ అన్నాడు అన్నయ్య,” అన్నాడు ఇమ్రో.

మామూలు గొంతుతోనే అన్నాడు. ఉప్పు అందించమన్నట్టు అన్నాడు.

రాదొవన్ ముఖం తెల్లబోయింది. “నీకు... నీకు వినపడిందా?”

అతను ఆ ప్రశ్న అడక్కుండా ఉంటే, ఎర్విన్ అబద్ధమాడుతున్నాడనీ ఇమ్రో పొరబడ్డాడనీ మార్గిటా ఇంకో తొమ్మిదేళ్ళు నమ్మేది. దారినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఆట మళ్ళీ మొదలెట్టడానికి రిఫరీ పక్కు వదలబోతున్నాడు. నేను వంగి ఉన్నాను. మీరిద్దరూ నా వెనకే ఉన్నారు కదా,” అన్నాడు ఇమ్రో.

మార్గిటా చిన్నకొడుకు భుజం పట్టుకుంది. పట్టుకున్నది ఎడమ భుజమని కూడా ఆవిడకి తెలీలేదు.

“తెలిసి నాతో ఎందుకు చెప్పలేదురా?”

“అన్నయ్య చెప్తాడని చూశానమ్మా. ఆస్పత్రిలో చెప్తాడనుకున్నాను. అక్కడ నీకు ఒట్లు పెట్టాడు, నేను మంచం మీంచి విన్నాను. సరే, ఇంటికొచ్చాక చెప్తాడనుకున్నాను. స్విట్జర్లాండు వెళ్ళాడు. అక్కణ్ణించి నాకు గడియారం తెచ్చాడు. పోలండు నించి చలికోటు తెచ్చాడు. ప్రతి క్రిస్మస్‌కీ నా పక్కన కూర్చుని చేప ముళ్ళు తీసి పెట్టేవాడు, నాకు ఒక చెయ్యి పనిచెయ్యదు కదా అని. ఈ ఏడు చెప్తాడు, ఈ ఏడు చెప్తాడు అని తిన్నాను.”

“ఇమ్రో, నేను రోజూ అనుకుంటూనే ఉన్నానురా,” అన్నాడు రాదొవన్. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నోరు రాలేదు. నిన్ను చూసినప్పుడల్లా నోరు రాలేదు.”

“అమ్మ ముందు మటుకు బాగానే వచ్చేది. ఎర్విన్‌ని చంపేస్తానని.”

ఎర్విన్ లేచి నిలబడ్డాడు. “నేను రాకుండా ఉండాల్సింది. హోటల్‌కి వెళ్ళిపోతాను, అమ్మగారూ.”

“కూర్చో,” అన్నాడు ఇమ్రో. “నేను పిలిస్తేనే కదా వచ్చావు.”

మార్గిటా చెయ్యి కొడుకు భుజం మీంచి జారిపోయింది.

“నువ్వా? నువ్వు పిలిచావా?” అంది దారినా.

“మన డిఫెన్సులో ఒకడు తగ్గాడు వదినా. బయటివాళ్ళని తీసుకునే గడువు అయిపోవస్తోంది, మేనేజరుకి ఎవరూ దొరకలేదు. ఎర్విన్ ఖాళీగా ఉన్నాడని నేనే చెప్పాను. నీ సంగతేమిటి, నీకు ఫరవాలేదా అన్నాడాయన. నాకేం ఫరవాలేదన్నాను. తరవాత ఇతనికి నేనే ఫోన్ చేశాను.”

“నేను నమ్మలేదు. రెండుసార్లు పెట్టేశాను,” అన్నాడు ఎర్విన్.

“దేనికిరా?” అంది మార్గిటా. ఆవిడ గొంతులో కోపం లేదు. కొత్తవాణ్ణి అడిగినట్టు అడిగింది.

“నా అంతట నేను చెప్తే ఏమవుతుందమ్మా? ఒక పూట ఏడుస్తావు, ఒక వారం అన్నయ్యతో మాట్లాడవు. ఆ తరవాత పెద్దకొడుకు కదా, పిల్లలున్నవాడు కదా అని కలిపేసుకుంటావు. నాకది అక్కర్లేదు. నాకు కావాల్సింది ఒక్కటే. ఆ రోజు నిలబడనివాడు ఇప్పుడు నిలబడాలి. రేపు పొద్దున ప్రాక్టీసులో అందరి ముందూ ఇతను కర్రతో నీ కాలి మీద తడతాడు అన్నయ్యా. నువ్వు గ్లౌజులు పడేసి ఎదురుగా నిలబడు. ఎందుకు నిలబడుతున్నావో ముందు కుర్రాళ్ళకి చెప్పు.”

“చెప్తే ఇక వాళ్ళు ఈయన్ని కెప్టెన్‌గా ఉండనిస్తారా? తమ్ముణ్ణి చూపించి తప్పుకున్నవాణ్ణి ఏ డ్రెస్సింగ్ రూములో ఉండనిస్తారు? పిల్లల కోచ్ పని కూడా పోతుంది ఇమ్రో,” అంది దారినా.

“పోనీ వదినా.”

“మళ్ళీ మేం పెట్టెలు కట్టుకోవాలి.”

“మీకు కట్టుకోవడానికి పెట్టెలైనా ఉన్నాయి,” అన్నాడు ఇమ్రో. ఇన్నేళ్ళలో వదినతో అతను కటువుగా అన్న మొదటి మాట అది.

“నేను కొట్లాటకి రాలేదయ్యా. ఆడటానికొచ్చాను,” అన్నాడు ఎర్విన్.

ఇమ్రో కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి బల్ల మీద పెట్టాడు. వేలి చివర చారు గిన్నెకి తగిలింది. అది పొయ్యి మీంచి దించిన గిన్నె, ఇంకా కాలుతోంది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. దారినా గబుక్కున గిన్నె పక్కకి లాగింది. ఎర్విన్ చూసి తల దించుకున్నాడు.

“సరే,” అన్నాడు.

రాదొవన్ తమ్ముడి వైపు చూడలేదు, ఎర్విన్ వైపూ చూడలేదు. తల్లి వైపు చూశాడు. ఆ చూపు ఆవిడకి తెలుసు. చిన్నప్పుడు బళ్ళో ఎవడితోనో దెబ్బలాట పెట్టుకుని, వాడి అన్న వీధిలో నిలబడితే, ఆవిడ గౌను వెనక్కి చేరి ఇలాగే చూసేవాడు. ఆవిడ చీపురు పట్టుకుని బయటికెళ్ళేది.

“అత్తయ్యా, మీరొక్క మాట చెప్పండి. మీరు చెప్తే వింటాడు,” అంది దారినా. పొద్దున్నించీ దెబ్బలాడిన మనిషి ఇప్పుడు చేతులు పట్టుకుంది.

నిజమే. మార్గిటా వద్దంటే ఇమ్రో వింటాడు. ఆ సంగతి బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. ఇమ్రోకీ తెలుసు, అందుకే అతనూ తల్లి ముఖమే చూస్తున్నాడు.

ఇన్నేళ్ళూ ఎర్విన్ అనే పేరు పెట్టుకుని ఆవిడ దాచుకున్న పగ అక్కడే ఉంది, ఒక్క పిసరు కూడా తగ్గలేదు. పేరు ఒక్కటే మారింది. మార్గిటా కోడలి చేతుల్లోంచి తన చేతులు మెల్లిగా విడిపించుకుని, చిన్నకొడుకు వైపు తిరిగింది.

“ప్రాక్టీసు ఎన్నింటికి?” అని అడిగింది. “నేనూ వస్తాను.”